ఓడరేవు పక్కన మడ: గొడ్డలి కంటే గట్టే ముప్పు

కృష్ణపట్నం: ఒక పక్క ఆకాశాన్ని తాకే క్రేన్లు, బొగ్గు గుట్టలు, రాత్రీ పగలూ ఆగని లారీలు, గూడ్సు బండ్లు. మరో పక్క థర్మల్ విద్యుత్ కేంద్రాల పొగ గొట్టాలు. వీటి నడుమ ఉప్పుటేరు ఒడ్డున, మోకాటి లోతు బురదలో గుబురుగా నిలబడ్డ పచ్చని చెట్లను దారిన పోయేవారు పెద్దగా పట్టించుకోరు. ఉత్త మడ పొదలేనని తేలిగ్గా అనేస్తారు. కాని బుట్ట చంకన పెట్టుకుని పీతల కోసం ఆ బురదలోకి దిగేవారికి సంగతి వేరు. ఏటి మీద బతికే కుటుంబాలకు ఆ బురదే మాగాణి.

జిల్లా కేంద్రమైన నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, ముత్తుకూరు మండలంలో, కండలేరు సముద్రంలో కలిసే చోట కృష్ణపట్నం ఉన్నది. రాయలవారి పేరు మీదనే ఊరికి ఈ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. బకింగ్‌హాం కాలువ ఇక్కడే ఏటిని కలుస్తుంది. లారీలు రాక మునుపు ఉప్పు, సర్వి కట్టెలు పడవల మీద ఈ కాలువ గుండానే మద్రాసుకు వెళ్లేవి.

కొత్త రేవు 2008 జూలై 17న ప్రారంభమైంది. 2020లో అదానీ సంస్థ ఇందులో ముప్పాతిక వాటా కొన్నది. మరుసటి ఏడు మిగిలిన వాటా కూడా ఆ సంస్థకే చేరింది. నేలటూరు వద్ద దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. మూడవదానిని 2022 అక్టోబరు 27న జాతికి అంకితం చేశారు. పంటపాళెం పరిసరాల్లో వంటనూనెల శుద్ధి కర్మాగారాలు వెలిశాయి. ఏటికి దక్షిణాన చిల్లకూరు, కోట మండలాల భూముల్లో క్రిస్ సిటీ పేరిట పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు.

రేవు వల్ల రోడ్లు వచ్చాయి, కొందరికి పనులు దొరికాయి. దీనిని కాదనేవారు లేరు. అయితే ఇన్ని కట్టడాల నడుమ మిగిలిన ఆ కాస్త మడ రేపు ఉంటుందా, ఉండాలంటే ఏమి చేయాలి అన్నదే ఏటి ఒడ్డు గ్రామాల ముందున్న ప్రశ్న.

ఉప్పునీటిలో బతికే చెట్టు

ఏ చెట్టుకైనా ఉప్పునీరు పోస్తే చస్తుంది. మడ మాత్రం ఉప్పునీటిలోనే పెరుగుతుంది. ఈ ఏటి ఒడ్డున ఎక్కువగా కనిపించేవి తెల్ల మడ, నల్ల మడ, తిల్ల. తెల్ల మడ ఆకును నాలుకతో తాకితే ఉప్పగా ఉంటుంది. వేళ్ల ద్వారా లోనికి వచ్చిన ఉప్పును ఆ చెట్టు ఆకుల గుండా బయటికి నెట్టివేస్తుంది. తిల్ల కొమ్మ విరిస్తే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అందుకే కట్టెలు కొట్టేవారు తిల్ల దగ్గర జాగ్రత్తగా ఉంటారు.

మడ చెట్టు కింద బురదలో నుంచి మేకుల మాదిరి పైకి పొడుచుకు వచ్చేవి ముళ్లు కావు, వేళ్లే. బురదలో గాలి ఉండదు. కనుక చెట్టు తన వేళ్లను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. పోటుకు ఆ వేళ్లు మునుగుతాయి. పాటుకు తేలతాయి. మునిగిన కాసేపు ఊపిరి బిగబట్టి, నీరు తీయగానే మళ్లీ పీల్చుకుంటాయి. ఈ చెట్టు ప్రాణమంతా ఈ మునగడం తేలడంలోనే ఉంది.

దీని సంతానం తీరు కూడా విచిత్రమే. కాయ చెట్టు మీద ఉండగానే లోపల మొలక సిద్ధమై ఉంటుంది. వానాకాలంలో రాలి నీటి మీద తేలుతూ పోయి, మెత్తటి బురద తగిలిన చోట వేరు పారుతుంది. అంటే విత్తనాన్ని చల్లేది కూడా పోటు నీరే.

కండలేరు ఏడాది పొడుగునా పారే నది కాదు. ఈశాన్య రుతుపవనాల వానలకే అది నిండుగా వస్తుంది. మిగిలిన నెలల్లో ఏట్లో ఆడేది సముద్రపు నీరే. కాబట్టి ఇక్కడి మడకు పోటే ఆధారం.

సముద్రం వలకూ, ఏటి బుట్టకూ సంబంధం

రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి ఆనని పిల్లలు పోటుతో ఏట్లోకి వస్తాయి. మడ వేళ్ల సందుల్లో దాక్కుంటాయి. రాలిన మడ ఆకులు బురదలో కుళ్లి వాటికి మేత అవుతాయి. కొన్ని వారాలు పెరిగి తిరిగి సముద్రానికి చేరుకుంటాయి. పండుగప్ప, బొంత వంటి చేపల పిల్లలు కూడా ఇక్కడే పెరుగుతాయి. మండపీత ఇందుకు తారుమారు. అది మడ బురదలో బొరియ చేసుకుని బతుకుతుంది. గుడ్లు విడవడానికి ఆడపీత సముద్రానికి పోతుంది. దాని పిల్లలు మళ్లీ ఏట్లోకే వస్తాయి.

కనుక మడ పోతే నష్టపోయేది బురదలో చేయి పెట్టి పీతలు పట్టే యానాది కుటుంబాలు మాత్రమే కాదు. పడవ మీద సముద్రంలోకి పోయే మత్స్యకారుని వల కూడా తేలికవుతుంది. పశువుల కాపరులకు మడ ఆకు మేత. ఇంత లాభం ఉన్నా ఇది ఏ పట్టాలోనూ, ఏ పంట లెక్కలోనూ ఎక్కదు. పేరు లేని ఆస్తి కాబట్టే దాని నష్టం కూడా లెక్కకు రాదు.

గట్టు వేస్తే ఏమవుతుంది?

మడ అడవులు తరిగిపోవడానికి కట్టెలు కొట్టడమే కారణమని చాలామంది అనుకుంటారు. వంటచెరకు కోసం కొట్టడం వల్ల నష్టం ఉన్న మాట నిజమే. కాని తెల్ల మడను, తిల్లను కొడితే మోడు నుంచి మళ్లీ చిగురిస్తాయి. కొట్టిన చెట్టుకైనా రెండవ బతుకు ఉంది. నీరు ఆగిన చెట్టుకు అది లేదు.

మడలోకి పోటు నీరు పోయేది పెద్ద ఏటి నుంచి చీలిన చిన్న చిన్న కాలవల ద్వారా. కొన్ని కాలవలు ఒక మనిషి దాటేంత వెడల్పు కూడా ఉండవు. ఒక మట్టి రోడ్డు, ఒక చెరువు గట్టు, తూము లేని పైపులైను కట్ట వాటికి అడ్డం పడితే చాలు. కట్టకు అవతల పోటు ఎక్కదు. వానకు నిలిచిన నీరు బయటికి పోదు. ఊపిరి వేళ్లు వారాల తరబడి మునిగే ఉంటాయి. వానలు వెళ్లాక ఎండకు ఆ నీరు ఇగిరిపోతుంది. ఉప్పు మిగులుతుంది. మరుసటి ఏడు ఇంకొంచెం పేరుకుంటుంది. చివరకు మడకే పనికిరానంత చౌడు తేలి, తెల్లటి పొర కట్టి, చెట్లు నిలువునా ఎండిపోతాయి.

నెల్లూరు తీరంలో పోటు ఎత్తు తక్కువ. అమావాస్య, పౌర్ణముల పెద్ద పోటు నాడు కూడా అది మీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. కనుక ఇక్కడ పెద్ద ఆనకట్ట అక్కరలేదు. రెండడుగుల కట్ట చాలు, ఎకరాల మడకు నీరు అందకుండా పోవడానికి. గొడ్డలితో కొట్టేవాడు పది మంది కంట పడతాడు. గట్టు చేసే పని ఎవరి కంటా పడదు. రెండు మూడేళ్ల తరువాత చెట్లు ఎండితే ఏదో తెగులు వచ్చిందని అనుకుంటారు.

రొయ్యల కాలం నేర్పిన పాఠం

ఈ సంగతి జిల్లాకు కొత్త కాదు. 1990 తరువాత కండలేరు ఉప్పుటేరు పొడుగునా టైగర్ రొయ్యల చెరువులు తామరతంపరగా లేచాయి. వరి పండే భూమి కంటే చవుడు నేలకు ఎక్కువ ధర పలికిన రోజులవి. ఏటి నీటిని తోడి చెరువుకు పెట్టడం, చెరువు మురుగును తిరిగి అదే ఏట్లోకి వదలడం జరిగింది. 1994-95లో వైరస్ రోగం తగిలినప్పుడు ఒక చెరువు వదిలిన నీటిని పక్క చెరువు తోడుకోవడంతో రోగం వరసగా పాకింది. చాలామంది అప్పులపాలయ్యారు.

ఇదే కాలంలో తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఆ వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న తీర్పు వెలువడింది. మడ అడవులను, తడి నేలలను, ఊరి ఉమ్మడి భూములను, సాగు భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని అందులో న్యాయస్థానం ఆదేశించింది. 2005లో కేంద్రం కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి రొయ్యల సాగుకు అనుమతుల పద్ధతి ఏర్పరచింది. మడను చెరువుగా మార్చరాదన్న నియమం ఆ చట్టం కింది మార్గదర్శకాల్లోనూ ఉంది. ముత్తుకూరులో 1991లో నెలకొల్పిన మత్స్య శాస్త్ర కళాశాల ఈ ఏటికి కూతవేటు దూరంలోనే ఉన్నది. రైతులు గాని, మత్స్యకారులు గాని నీటి సంగతి అడిగి తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు.

కాకినాడలో ఏమి జరిగింది?

రేవు ఉన్న చోట మడ బతకదన్న మాట నిజం కాదు. అందుకు కాకినాడే సాక్షి. రేవు, ఎరువుల కర్మాగారాలు ఉన్న ఆ పట్టణానికి ఆనుకునే కోరింగ అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైమాటే. బావురు పిల్లి, నీటి కుక్క అక్కడ తిరుగుతాయి. చెక్క వంతెన మీద నడిచి మడను చూడడానికి వచ్చే జనంతో కొందరికి ఉపాధి కూడా కలిగింది.

అక్కడ కూడా మడ ఎండి బోడిగా మారిన మచ్చలు ఉండేవి. మొక్కలు నాటినా నిలిచేవి కావు. 1990 దశకం చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీర గ్రామాల ప్రజలు కలిసి వేరొక పద్ధతి చేపట్టారు. ముందు మొక్క నాటలేదు. కాలవ తవ్వారు. ఏటి నుంచి ఒక పెద్ద కాలవ తీసి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు తీశారు. పై నుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటు నీరు లోపలికి పోయి, పాటుకు బయటికి వచ్చే దారి ఏర్పడింది. పేరుకున్న ఉప్పు కడుక్కుపోయింది. అప్పుడు కాలవ గట్ల వాలు మీద మొక్కలు పెడితే నిలిచాయి. చనిపోయిన మడను బతికించింది నీటి దారే అయితే, బతికున్న మడను చంపేది ఆ దారికి అడ్డమేనని వేరే చెప్పనక్కరలేదు.

అదే కాకినాడలో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2020లో దుమ్ములపేట వద్ద ఇళ్ల స్థలాల కోసం మడను తొలగించి నేల మెరక చేశారు. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అభయారణ్యం పేరు ఉన్న చోట మడ నిలిచింది. పేరు లేని చోట అంగుళం అంగుళం వాదించుకోవలసి వచ్చింది. కృష్ణపట్నం మడకు అభయారణ్యం అన్న పేరు లేదు. రాష్ట్రంలో కోరింగకు, కృష్ణా ముఖద్వారానికే ఆ హోదా దక్కింది.

సముద్రం అవతల సింగపూరును చూసినా ఇదే కనిపిస్తుంది. అంగుళం నేలకు కూడా ధర కట్టే ఆ రేవు పట్టణంలో, సుంగే బులో అనే చోట పాత రొయ్యల చెరువులు, వాటి చుట్టూ మడ ఉండేవి. 1986లో పక్షులను పరిశీలించే కొందరు ఆ చోటును గుర్తించి కాపాడమని కోరారు. 1989లో 87 హెక్టార్లు కేటాయించారు. 2002లో దానిని 130 హెక్టార్లకు పెంచి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. పాత చెరువుల తూములను పడగొట్టకుండా, వాటితోనే నీటి ఎత్తును సరిచేస్తూ వలస పక్షులకు మేత దొరికేలా చూశారు. చిన్న మడ కూడా నిలుస్తుందనడానికి ఇదొక నిదర్శనం. అక్కడా కీలకం తూమే.

గాలివాన నాటి అడ్డు

ఈ జిల్లాకు గాలివానలు కొత్త కాదు. 1989 నవంబరులో పెనుతుపాను కావలి వద్దనే తీరం దాటింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తీర గ్రామాలను గడగడలాడించింది. ఒడిశాలో 1999 అక్టోబరు 29న వచ్చిన మహా తుపాను తరువాత కేంద్రపడ జిల్లాలో పరిశోధకులు గ్రామాల వారీగా లెక్కలు తీశారు. సముద్రానికీ ఊరికీ నడుమ మడ దట్టంగా ఉన్న గ్రామాల్లో ప్రాణనష్టం తక్కువగా ఉన్నట్లు తేలింది. మడ ఉన్నంత మాత్రాన తుపాను ఆగదు. ముందుగా ఊరు ఖాళీ చేయడం తప్పదు. కాని ఉప్పెన ఉరుకును అది తగ్గిస్తుంది. ఇసుక దిబ్బ మీద సర్వి తోట చేసే మేలు ఒకటి. ఏటి బురదలో మడ చేసే మేలు మరొకటి. బురద ఏటి ఒడ్డున సర్వి నిలవదు.

చట్టం ఏమంటోంది?

తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు 1991లో మొదటిసారి వచ్చాయి. 2011లోను, 2019లోను వాటిని మార్చారు. మడ అడవి ఈ నిబంధనల్లో అన్నింటికంటే కట్టుదిట్టమైన తరగతిలో ఉంది. 2019 నిబంధన ప్రకారం మడ విస్తీర్ణం 1,000 చదరపు మీటర్లు మించితే దాని చుట్టూ 50 మీటర్ల మేర ఖాళీ పట్టీ విడిచిపెట్టాలి. 1,000 చదరపు మీటర్లంటే పాతిక సెంట్లకు కొంచెం తక్కువ. నెల్లూరు కొలతలో దాదాపు 150 అంకణాలు. అంటే చట్టం దృష్టిలో మడ అనిపించుకోవడానికి వందల ఎకరాలు అక్కరలేదు. అయితే ప్రైవేటు భూమిలోని మడకు ఈ ఖాళీ పట్టీ నియమం వర్తించదు. ప్రత్యేక సందర్భాల్లో మడ మీదుగా రోడ్డు వేయవలసి వస్తే పోయినదానికి మూడింతల విస్తీర్ణంలో మడ పెంచాలని కూడా నియమం ఉంది.

పెద్ద పరిశ్రమ ఏదైనా రావాలంటే 2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ ప్రకారం చాలా సందర్భాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశం తెలుగులో కూడా అందుబాటులో ఉంచాలి. సభకు కలెక్టరు గాని, ఆయన ప్రతినిధి గాని అధ్యక్షత వహిస్తారు. అక్కడ చెప్పిన ప్రతి మాటా రికార్డు కావాలి. ఇంత అవకాశం ఉన్నా ఆ సభల్లో ఎక్కువగా వినిపించేది ఉద్యోగాలు, నష్టపరిహారం గురించే. పోటు కాలవల మాట ఎవరూ ఎత్తకపోతే తూము గురించి ఎవరూ రాయరు.

ఊరివారు చేయదగినవి

దేశంలో దాదాపు 4,992 చదరపు కిలోమీటర్ల మడ ఉన్నట్లు 2023 నాటి అటవీ నివేదిక చెబుతోంది. అందులో ఆంధ్రప్రదేశ్ వంతు 421. ఇందులో సింహభాగం గోదావరి, కృష్ణా ముఖద్వారాలదే. నెల్లూరు వాటా చాలా చిన్నది. చిన్నది కనుకనే ఒక్క గట్టు కూడా ఇక్కడ పెద్ద నష్టం.

2023 జూన్ 5న కేంద్రం మిష్టి పేరుతో మడ పెంపకం పథకాన్ని ప్రారంభించింది. ఐదేళ్లలో 540 చదరపు కిలోమీటర్లలో మడ పెంచడం, పునరుద్ధరించడం లక్ష్యం. నిధులు వచ్చినప్పుడు మొక్కల లెక్క చూపడం తేలిక. కాని నీరు ఆడని చోట లక్ష మొక్కలు నాటినా మిగిలేది కర్రలే. ముందు కాలవ, తరువాత మొక్క అన్న వరస తప్పకుండా చూడవలసిన బాధ్యత అధికారులది. తప్పితే అడగవలసిన బాధ్యత ఊరిది.

ఏటి ఒడ్డున కొత్తగా వేసే ప్రతి రోడ్డుకూ, ప్రతి పైపులైను కట్టకూ పోటు కాలవ ఉన్న చోటల్లా తూము పెట్టించాలి. తూము అడుగు కాలవ అడుగుతో సమంగా ఉండాలి. ఎత్తుగా పెడితే వాన నీరు పోతుందేమో గాని పోటు ఎక్కదు. వదిలేసిన రొయ్యల చెరువుల గట్లకు గండి కొడితే మడ దానంతట అదే తిరిగి వచ్చే అవకాశం ఉంది. భూమి హక్కుల తగాదా లేని చోట అటవీశాఖ, పంచాయతీ కలిసి ఈ పని చేయవచ్చు. తమ ఊరి మడ తీర మండలి పటాల్లో గుర్తించి ఉందో లేదో సర్పంచులు కలెక్టరు కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. పటంలో లేని మడకు రక్షణ ఉందని నిరూపించడం కష్టం.

ఏ కాలవకు నీరు ఎక్కుతుందో, ఏది పూడిందో ఇంజనీర్ల కంటే ఏట్లో తిరిగేవారికే బాగా తెలుసు. పీతల కోసం రోజూ దిగే యానాది ఆడవారికి ప్రతి కాలవా గుర్తే. ఆ తెలివి ఇంతవరకు ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. వచ్చే పౌర్ణమి పోటు వేళ పంచాయతీ సభ్యులు వారిని వెంటబెట్టుకుని ఒడ్డు పొడుగునా నడిచి, నీరు ఎక్కే కాలవలను, ఆగిన కాలవలను రాసుకుని గ్రామసభలో తీర్మానం చేస్తే, రేపు ఏ పని వచ్చినా చూపడానికి ఒక ఆధారం ఉంటుంది. దీనికి ఖర్చు లేదు. ఒక పూట చాలు.

రేవు లోతు తగ్గకుండా ఏటేటా పూడిక తీస్తారు. అందుకు ప్రత్యేక యంత్రాలు ఉన్నాయి. మడ కాలవకు కావలసింది ఒక తూము, అది పూడకుండా చూసే ఊరి కన్ను. ఈ కాస్త శ్రద్ధ సంబంధిత అధికారులు, గ్రామ పెద్దలు వహించినట్లయితే క్రేన్ల నీడన కూడా పీత బొరియ నిలుస్తుంది.